తాబేలు లారీ, నాలుగు బోల్టులు

పన్నెండింటికి లారీని గ్యాస్ కట్టరుతో ముక్కలు చేయిస్తామన్న కబురు అందేసరికి డిటెక్టివ్ చేతిలో రెండున్నర గంటలు మిగిలాయి. ఆవిడ మోకాళ్ళ నొప్పిని కాసేపు మరిచిపోయి, చెక్‌పోస్టు వెనక పెరట్లో నిలబెట్టిన ఆ బండి చుట్టూ మూడోసారి తిరిగింది.

ఒకప్పుడది ధాన్యం బస్తాలు మోసిన లారీ. రోడ్డు పక్క క్వారీలో తుపాకుల ముఠా ఒకటి మకాం వేసి, దారిన పోయే ప్రతి బండినీ కాల్చడం మొదలుపెట్టింది. దాంతో ఊళ్ళో కిడ్నీలు పాడైన తొమ్మిది మందికి పట్నం ఆసుపత్రి దారి మూసుకుపోయింది. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోకపోతే వాళ్ళు బతకరు. అప్పుడు వెల్డరు, అతని తమ్ముడు కలిసి ఈ లారీకి కవచం తొడిగారు. పాత నీళ్ళ ట్యాంకులు కోసి చుట్టూ రెండు వరసల రేకులు బిగించి, మధ్యలో ఇసుక పోశారు. చక్రాలకు అడ్డంగా అరిగిపోయిన టైర్ల ముక్కలు వేలాడదీశారు. ముందు అద్దం తీసేసి నాలుగు వేళ్ళ సందు మాత్రం ఉంచారు. వెల్డింగ్ రాడ్లు తప్ప దేనికీ పెద్దగా ఖర్చు కాలేదు. అంత బరువుతో నత్తనడక నడిచేది కాబట్టి ఊరంతా దాన్ని తాబేలు అని పిలిచింది.

తాబేలు పదకొండుసార్లు వెళ్ళి క్షేమంగా వచ్చింది. పన్నెండోసారి, నిన్న సోమవారం పొద్దున్న, బండి నడుపుతున్న తమ్ముడు తూటా తగిలి సీట్లోనే ప్రాణం వదిలాడు.

తూటా డ్రైవరు తలుపులోంచి దూసుకొచ్చింది. బండి మొత్తంలో అన్నిటికంటే గట్టి ఇనుము ఉండాల్సింది ఆ తలుపు మీదే. పాత బుల్డోజరు బ్లేడు లోంచి తీసిన పలక అది. ఇప్పుడక్కడ నాలుగు ఖాళీ రంధ్రాలు, ఒట్టి తలుపు రేకు ఉన్నాయి.

స్పెషల్ స్క్వాడ్ కమాండర్ పట్టుకున్న దారం అదే. ముఠా దగ్గర డబ్బు తిని వెల్డరే ఆ పలక విప్పి ఇచ్చేశాడని, క్వారీ దగ్గర ఏడూ అయిదుకి ఒకే ఒక్క తూటా పేలిందని, దెబ్బ తగిలాక కూడా డ్రైవరు చెక్‌పోస్టు దాకా నడుపుకొచ్చాడని రిపోర్టు రాసేశాడు. పన్నెండున్నరకి వెల్డర్ని పట్నం జైలుకి పంపుతున్నారు. రెండింటికి తమ్ముడి శవం ఇంటికి వస్తుంది. అంటే, ఈ రెండున్నర గంటల్లో ఏదీ తేలకపోతే అన్నకి తమ్ముడి కడసారి చూపు కూడా దక్కదు.

డిటెక్టివ్ నడుం పట్టుకుని డ్రైవరు సీటు కిందికి వంగింది. అక్కడ ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. అందులో గుడ్డలో చుట్టిన నాలుగు బోల్టులున్నాయి. ప్రతి బోల్టుకీ దాని వాషరు, దాని నట్టు తిరిగి ఎక్కించి ఉన్నాయి. పైన పల్చగా గ్రీజు కూడా రాసి ఉంది.

"ఏం దొరికింది మేడం, నిధా?" వెనక నుంచి కమాండర్ గొంతు వినిపించింది.

ఆవిడ డబ్బా చూపించింది. కమాండర్ తొంగి చూసి, దొంగ భలే శుభ్రమైన మనిషి అన్నాడు.

"దొంగ బోల్టులు పారేస్తాడు కమాండర్ గారూ. మళ్ళీ బిగించాలనుకున్నవాడే ఇలా దాస్తాడు."

"మీరు బోల్టులతో మాట్లాడుతూ ఉండండి. పన్నెండింటికి నా కట్టరు వచ్చేస్తుంది. ఇంకొకడు ఇలాంటి రేకుల బండి కట్టుకుని రోడ్డెక్కకుండా ఉండాలంటే దీన్ని జనం ముందే కోయించాలి."

డ్రైవర్ని చంపిన తూటా ఏదని ఆవిడ అడిగింది. ల్యాబుకి పంపించానన్నాడు. ఏ ల్యాబుకి అంటే కాగితం వస్తుందన్నాడు. నిన్నటి నుంచి ఇది మూడోసారి అడగడం. ఆ మాట కూడా ఆవిడ నోటు పుస్తకంలో టైముతో సహా రాసుకుంది.

*

వెల్డర్ని చెక్‌పోస్టు స్టోర్‌రూములో కూర్చోబెట్టారు. గోడ మీద కమాండర్ సంతకంతో ఒక కొత్త నోటీసు అంటించి ఉంది. డ్రైవరు వైపు తెల్ల గుండ్రం గుర్తు ఉన్న బండ్లు ఆగకుండా పోవచ్చని, గుర్తు లేకుండా ముందుకొచ్చే బండిని ముఠా బండిగా లెక్కగట్టి కాల్చాలని అందులో ఉంది. డిటెక్టివ్ దాన్ని చదివింది గానీ, ఆ క్షణాన ఆవిడ మనసంతా కింద కూర్చున్న మనిషి మీదే ఉంది.

నలభై అయిదేళ్ళ మనిషి. కుడి అరచేతికి కట్టు. శనివారం కాలిందట, ఆ రాత్రి నుంచి జ్వరం. అతను కేసు గురించి ఏమీ అడగలేదు. రెండింటికి తమ్ముణ్ణి తెస్తారట కదా, అప్పటికి నన్ను అక్కడ నిలబడనిస్తారా అని మాత్రం అడిగాడు.

ఆ పలకని మిగతా రేకుల్లా వెల్డింగ్ చెయ్యకుండా బోల్టులతో ఎందుకు బిగించావని ఆవిడ అడిగింది. పని గురించి అడిగేసరికి అతని గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. అది గట్టి ఇనుమనీ, వెల్డింగ్ వేడి తగిలితే మెత్తబడిపోతుందనీ, అందుకే చల్లగా ఉండగానే రంధ్రాలు చేసి బిగించాననీ చెప్పాడు. ఆదివారం సాయంత్రం కూడా అది తలుపు మీదే ఉందట. జ్వరంతోనే వెళ్ళి, ఎడంచేత్తో దాని మీద తెల్ల రంగు వేశాడట.

"ఇదేం గుండ్రం అన్నయ్యా, గుమ్మడికాయలా ఉంది అని నవ్వాడమ్మా" అని చెప్పి వెల్డరు కూడా నవ్వబోయాడు. మధ్యలోనే ముఖం తిప్పుకున్నాడు.

ఆవిడ డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది.

అతను ఎడంచేత్తో ఒక బోల్టు తీసుకున్నాడు. బొటనవేలితో నట్టుని అర చుట్టు తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. గ్రీజు వేలికి అంటుకుంది. విప్పిన ప్రతి నట్టూ దాని బోల్టుకే ఎక్కించి పెట్టాలన్నది అతని షెడ్డులో మొదటి పాఠం. ఆ షెడ్డులో పని నేర్చుకున్నది ఒక్కడే.

"నేనే తీశాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"నిన్న తెల్లారి. ఆరింటికి."

"ఏ చేత్తో?"

అతను కట్టు కట్టిన చేతిని ఒళ్ళో దాచుకున్నాడు. ఆ చేత్తో గ్లాసే పట్టుకోలేకపోతున్నాడు, స్పానరు ఎలా తిప్పుతాడని ఆవిడ మెల్లగా అడిగింది. ఆవిడ లేచి తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి అన్నాడు:

"మీకు పుణ్యం ఉంటుంది, నేనే అని రాసుకోండమ్మా. జైలుకి పోతే నేనొక్కణ్ణే పోతాను. ఇంట్లో తమ్ముడి పెళ్ళాం, ఆ పిల్ల ఉంది. అది తట్టుకోలేదు."

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో తప్పించుకోవడానికి అబద్ధమాడిన వాళ్ళని ఆవిడ లెక్కలేనంత మందిని చూసింది. ఇరుక్కోవడానికి ఇంతగా బతిమాలిన వాణ్ణి చూడటం ఇదే మొదలు. పలక తీసింది తమ్ముడే. అది అన్నకి బోల్టు చేతిలోకి తీసుకోగానే అర్థమైంది. ఎందుకు తీశాడో కూడా అర్థమైంది. అది మాత్రం చెప్పడు.

*

పదీ నలభైకి డిటెక్టివ్ డ్రైవరు ఇంట్లో ఉంది.

ఒకే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, సూది కింద సగం కుట్టిన గోతాం సంచి. తాబేలు నేల మీద పరిచిన ఇసుక సంచులన్నీ కుట్టింది డ్రైవరు భార్యే. పెళ్ళై రెండేళ్ళయింది. నిన్న కట్టుకున్న చీర, కప్పుకున్న శాలువా ఇంకా మార్చలేదు. ఎవరో పెట్టిన కాఫీ చల్లారి పైన తరక కట్టింది.

నిన్న ఆమె బండిలో ఎందుకుందో ముందు చెప్పించుకుంది డిటెక్టివ్. ఎప్పుడూ వెళ్ళే నర్సుకి జ్వరం. నీరసించిపోయిన ముసలి మాస్టారికి దారిలో సెలైన్ సీసా ఎత్తి పట్టుకునే మనిషి కావాలి. నేనొస్తానంది. వద్దన్నాడు మొగుడు. ఆదివారం సాయంత్రం దాని మీదే గొడవ.

"నీకేమన్నా అయితే నేనేం కావాలి అన్నాడు. మరి నీకేమన్నా అయితే నేనేం కావాలి, వారానికి రెండుసార్లు నేనూ అదే అనుకుంటూ కూర్చుంటున్నాగా అన్నాను. అంతే మేడం. పొద్దున్న లేచాక నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోపంగానే పోయాడు."

ఆమె ఏడవలేదు. నిన్నంతా ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. శాలువా కొసని వేలికి చుట్టి విప్పుతోంది.

ఎక్కడ కూర్చున్నావని డిటెక్టివ్ అడిగింది. పేషెంట్లు తొమ్మిది మందికీ రేకుల వెనక చోటు సరిపోయింది. పదో మనిషికి మిగిలింది వెనక కుడివైపు మూల. ట్యాంకు రేకు అక్కడిదాకా రాలేదు, ఒట్టి చెక్కే. వచ్చే వారం ఆ మూల కూడా మూసేస్తానని బావగారు అన్నారట. అందుకే ఎప్పుడూ అక్కడ ఎవరినీ కూర్చోనివ్వరు.

"క్వారీ దగ్గర ఏమైంది?"

"టపటపా తగిలాయి. అవి ఎప్పుడూ తగిలేవేనని మాస్టారు చెప్పారు. లోపల చీకటి కదా, మాకేం కనబడదు. అందుకని క్వారీ దాటగానే ఆయన వెనక రేకు మీద రెండుసార్లు తడతాడట."

"నిన్న తట్టాడా?"

"తట్టాడు."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. తట్టిన తర్వాత ఎంతసేపటికి పేలిందని అడిగింది. ఆ ప్రశ్న ఇంకెవరినడిగినా ఏదో సుమారుగా చెప్పేవాళ్ళే.

"నలభై రెండు చుక్కలు" అంది ఆమె. "నిమిషానికి నలభై చుక్కలు పడాలి, లెక్కపెడుతూ ఉండమని నర్సక్క చెప్పింది. ఆయన తట్టాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. నలభై రెండు దగ్గర పేలింది. వెంటనే ఇంకొకటి. ఆ రెండోదానికి నా వీపు మీద ఎవరో గుద్దినట్టయింది. ఇవన్నీ కమాండర్ గారికి చెప్పాను. నువ్వు షాక్‌లో ఉన్నావమ్మా, ఒకటే పేలింది అన్నారు."

దెబ్బ తగిలినవాడు రేకు తట్టడు. క్వారీ దాటాక నిమిషం పైన ప్రయాణమంటే బండి క్వారీ దగ్గర లేదు, చెక్‌పోస్టుకి కనుచూపు మేరలోకి వచ్చేసింది.

"వీపు ఒకసారి చూపించమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. ముదురు నీలం శాలువా మీద, రెండు భుజాల మధ్య, వంకీ తిరిగిన తెల్లటి మరక ఉంది. పూర్తిగా ఆరకముందే అంటుకున్న రంగు అది. దానికి ఆనుకుని గోతాం నార పోగులు కూడా అంటుకున్నాయి.

శాలువా కాసేపు ఇస్తావా అని అడిగింది డిటెక్టివ్. ఆమె తీసి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. చెప్పులేసుకుని వెనకే వచ్చింది.

*

పదకొండూ ఇరవై. డిటెక్టివ్ లారీ వెనక్కి ఎక్కి టార్చి వేసింది.

ముందుగా బయటి రేకుల మీద దెబ్బలన్నీ చూసి వచ్చింది. పన్నెండు ట్రిప్పుల్లో క్వారీ నుంచి తగిలిన నొక్కులు అరవై దాకా ఉన్నాయి. అన్నీ లోతు లేనివే. అన్నిటి చుట్టూ బూడిదరంగు పూత. నాటు తుపాకుల్లో పోసే సీసం వదిలే మరక అది. కుడివైపు మూల చెక్కకి మాత్రం ఒక గుండ్రటి రంధ్రం ఉంది. సూదితో గుచ్చినంత నీటుగా.

లోపల ఆ మూలలో, మడతపెట్టిన గోతాం ఒకటి జారి కింద పడి ఉంది. దాని వెనక చెక్కకి ఆనించి నిలబెట్టిన ఇనప పలక. కదలకుండా క్లచ్ వైరుతో రెండు చోట్ల బిగించి కట్టి ఉంది. పలక మీద, లోపలివైపుకి, తెల్ల గుండ్రం. కాదు, గుమ్మడికాయ. ఒక పక్క రంగు చెదిరింది. శాలువా మరక సరిగ్గా దాని అంచుకే సరిపోయింది.

ఆవిడ వైరు వదులు చేసి పలకని కొంచెం ఇవతలికి వంచింది. చెక్కకీ పలకకీ మధ్య నుంచి ఏదో ఠంగుమని పడింది. రేకలు విచ్చుకున్న పువ్వులా నలిగిపోయిన తూటా. సీసం రంగు కాదు. రాగి తొడుగు. ఆ చుట్టుపక్కల అలాంటి తూటాలు ఒక్క స్క్వాడ్ తుపాకులకే ఉన్నాయి.

అప్పుడు స్టోర్‌రూము గోడ మీద నోటీసు గుర్తొచ్చింది. మూడుసార్లు చూసిన తలుపు మళ్ళీ కళ్ళ ముందు కదిలింది. అక్కడ లేనిది పలక ఒక్కటే కాదు, గుర్తు కూడా.

"ఇంకా బోల్టులతోనే మాట్లాడుతున్నారా?" కమాండర్ బండి వెనక నిలబడి ఉన్నాడు.

ఆవిడ అరచేయి చాపింది. అతను తూటాని చూశాడు. తర్వాత లోపల తెల్ల గుండ్రాన్ని చూశాడు. అతని ముఖం పాలిపోయింది. పలక ఎటు పోయిందో అతనికీ నిజంగా తెలియదని ఆవిడకి అర్థమైంది. తెలిసుంటే నిన్నే మాయం చేసేవాడు.

పోస్టులో మనుషులు ఎప్పుడు మారారని ఆవిడ అడిగింది. ఆదివారం అని అతను పొడిగా చెప్పాడు. పాతవాళ్ళకి తాబేలు హారన్ కూడా తెలుసు, ఎదురొచ్చి చెయ్యూపేవాళ్ళు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి నోటీసు ఒక్కటే తెలుసు.

"గుర్తు లేకుండా వచ్చాడు. కాల్చారు. మావాళ్ళు తప్పేం చెయ్యలేదు" అన్నాడు.

"తప్పు లేనప్పుడు వెల్డరు మీద ఎందుకు రాశారు?"

"పదకొండుసార్లు ఊరు ఊరంతా ఆ బండికి ఎదురెళ్ళి చప్పట్లు కొట్టింది మేడం. వాణ్ణి మేమే చంపామంటే సాయంత్రానికి ఈ పోస్టు మిగులుతుందా? అందులో నా మనుషులు పద్నాలుగు మంది. ఒక్క వెల్డరు పోతే పోయాడు." గొంతు తగ్గించాడు. "మీరెవరికోసం తవ్వుతున్నారో ఆలోచించుకోండి. ఆ అమ్మాయికి ఏమని చెబుతారు? నీకోసం పలక తీశాడు, అందుకే చచ్చాడనా?"

ఆ ప్రశ్నే ఆవిడని కూడా కోస్తోంది. వెల్డరు జైలుని కోరుకున్నది దీనికోసమే. ఒక్కసారి నోరు విప్పితే అన్న బయటపడతాడు, కానీ ఆ మాట ఈ పిల్ల జీవితాంతం మోస్తుంది.

కమాండర్ గడియారం చూసుకోలేదు. కట్టర్ని ఇప్పుడే తెమ్మని, ఆ తూటాని మేడం దగ్గర తీసుకోమని మనుషుల్ని కేకేస్తూ వెళ్ళాడు.

డిటెక్టివ్ తల తిప్పేసరికి బండి పక్కన, టైరు ముక్కల దగ్గర, డ్రైవరు భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. అంతా వినేసిందని ఆ నిలబడ్డ తీరే చెప్పింది.

ఆమె బండెక్కింది. వంగి ఆ మూలకి వెళ్ళింది. కింద పడ్డ గోతాం తీసి చూసింది. దాని అంచు తను కుట్టిన కుట్టే. నాలుగు మడతలు పెట్టి, పలక మీద వీపు ఆనే చోట వేసి ఉంచాడు. కుదుపులకి జారిపోయింది.

"నిన్న ఇక్కడ కూర్చున్నప్పుడు..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "వీపుకి ఇదేదో గుచ్చుకుంటోందని దారంతా విసుక్కున్నాను మేడం. నామీద కోపంతో ఇంత దరిద్రపు చోటు ఇచ్చాడనుకున్నాను."

డిటెక్టివ్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. కొన్నిసార్లు చెయ్యి కూడా బరువే.

పెరటి గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడయింది. గ్యాస్ సిలిండర్లు దించుతున్నారు. బూట్లు ఇటే వస్తున్నాయి, నాలుగైదు జతలు.

ఆమె గోతాం మడత మళ్ళీ పలక మీద సర్దింది. నిన్న కూర్చున్న చోటే, అలాగే, వీపు ఆనించి కూర్చుంది.

"మా బావగారిని వదిలిపెట్టమనండి. ఎవరు అడిగినా నేను చెబుతాను, చుక్కలతో సహా. కొయ్యాలంటే నేనిందులో ఉండగానే కొయ్యమనండి."

డిటెక్టివ్ తూటాని రుమాల్లో మూటకట్టి, రవికలో దాచుకుంది. వెనక తలుపు లోపలి నుంచి వేసి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా లెక్కచెయ్యకుండా ఆమె పక్కనే ఇసుక సంచుల మీద కూలబడింది. బూట్ల చప్పుడు బండి వెనక ఆగింది. తలుపు గొళ్ళెం ఎవరో బయట నుంచి గట్టిగా కదిపారు.

చీకట్లో ఆ పిల్ల చెయ్యి పక్కనున్న రేకు అంచు వైపు లేచింది. రెండు వేళ్ళు మడిచి, తట్టబోయింది. రేకుకి జానెడు దూరంలో ఆగింది.

"ఇంకా దాటలేదు కదా మేడం" అంది చెయ్యి దించేస్తూ. "దాటాక తడతాను."